ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు
(వినోదవనాల క్యూల చరిత్ర)

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించి, శాసనాల గురించి నాకంటే చక్కగా రాయగల పెద్దలు మన సభ్యులలో ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు బాగా తెలిసిన సంగతి ఒక్కటే, అది వరుస. తపాలు రిజిస్టరులో కాగితాల వరుస, ట్రెజరీ కిటికీ ముందు మనుషుల వరుస. అందుచేత క్యూ చరిత్రనే ఎంచుకున్నాను. అయితే ఇది మన ఊరి క్యూ కాదు, అమెరికాలోని వినోదవనాల క్యూ. పిల్లలు విదేశాలలో ఉన్న సభ్యులు చాలామంది ఆ వరుసలలో నిలబడి వచ్చినవారే. తక్కినవారికి కూడా విసుగు పుట్టదనే నమ్మకంతో రాస్తున్నాను.

2010లో నేను, మా ఆవిడ మొదటిసారి అమెరికా వెళ్ళినప్పుడు మా అబ్బాయి ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకుపోయాడు. అక్కడ పీటర్ పాన్ కథ పేరుతో ఒక రైడు ఉంది. చిన్న ఓడలో కూర్చోబెట్టి, రాత్రివేళ లండన్ నగరం మీదుగా ఎగురుతున్నట్లు చూపిస్తారు. దాని ముందు క్యూ గంటకు పైగా పట్టేట్టుంది. మావాడు మా ప్రవేశ టిక్కెట్లను పక్కనున్న ఒక యంత్రంలో పెట్టాడు. తలా ఒక చీటీ వచ్చింది. ఫలానా వేళ నుంచి గంట లోపల వచ్చి ఎక్కవచ్చునని దాని మీద అచ్చయి ఉంది. "దీనికెంత?" అన్నాను. "ఏమీ లేదు నాన్నా, టిక్కెట్టు ఉన్న అందరికీ ఇస్తారు" అన్నాడు. మేము నీడన కూర్చుని, వేళకు వెళ్ళి ఎక్కి వచ్చాము. ఆ ఏర్పాటు నాకు ఎంతో ముచ్చట వేసింది.

2023లో మళ్ళీ వెళ్ళాము. ఈసారి ఏడేళ్ళ మనవడు కూడా ఉన్నాడు. అదే రైడు, అదే క్యూ, కాని చీటీల యంత్రం లేదు. దాని బదులు రెండు ద్వారాలున్నాయి. ఒకటి మామూలువారికి, రెండవది డబ్బు కట్టినవారికి. ఆ రోజు ధర మనిషికి ఇరవై డాలర్ల పైచిలుకు. అయిదుగురికీ వంద దాటుతుందని మావాడు కొనలేదు. ఎండలో గంటకు పైగా నిలబడ్డాము. మా పక్క ద్వారంలోంచి గుంపులు గుంపులుగా వచ్చినవాళ్ళు వచ్చినట్లే లోపలికి పోతున్నారు. మనవడు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, వాళ్ళు మన తరవాత వచ్చారు కదా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఆ ప్రశ్న నేను అంతకు ముందు ఒకసారి విన్నాను. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

కూపన్ల కాలం

వాల్ట్ డిస్నీ తన మొదటి పార్కు డిస్నీలాండ్‌ను కాలిఫోర్నియాలో 1955 జూలై 17న ప్రారంభించారు. మొదట్లో లోపలికి పోవడానికి ఒక టిక్కెట్టు, ప్రతి రైడుకు విడిగా మరొకటి ఉండేవి. ఆ ఏడాది అక్టోబరులో కూపన్ల పుస్తకాలు వచ్చాయి. చిన్నచిన్న రైడ్లకు ఏ కూపను, తరువాత బి, సి. 1956లో డి, 1959లో ఇ చేరాయి. అందరూ ఎగబడే పెద్ద రైడ్లకు ఇ కూపను కావాలి. పుస్తకంలో అవి కొద్దిగానే ఉండేవి. అయిపోతే విడిగా కొనుక్కోవచ్చు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. చేతిలో డబ్బున్నవాడు ఆనాడు కూడా ఎక్కువ రైడ్లు ఎక్కగలిగేవాడు. కాని ఎక్కిన ప్రతిసారీ వెళ్ళి వరుస చివరనే నిలబడవలసి వచ్చేది. డబ్బుతో రైడు కొనవచ్చు గాని, ముందున్నవాడి వంతు కొనడానికి వీలులేదు. 1982లో ఈ కూపన్లను ఎత్తివేశారు. ఒకే టిక్కెట్టుతో ఎన్నిసార్లయినా ఎక్కవచ్చునన్నారు. ఊరకే వచ్చేదాని దగ్గర జనం గుమిగూడటం సహజమే కదా. ఇక అక్కడ ఖర్చు పెట్టవలసినది కాలమే అయింది.

యంత్రం ఇచ్చిన చీటీ

ఆ కాలాన్ని ఆదా చేయడానికి డిస్నీవారు 1999లో తెచ్చినదే నేను ముచ్చటపడ్డ ఫాస్ట్‌పాస్. ప్రతి గంటకు కొన్ని చోట్లు విడిగా ఉంచి, వాటికి చీటీలిచ్చేవారు. ఆ పూట చీటీలు అయిపోతే యంత్రం ఆగిపోతుంది. ఒక చీటీ తీసుకున్నవారికి కొంతసేపటి దాకా రెండవది రాదు. ధనికుడికీ పేదకూ అదే యంత్రం. చూస్తే మన ఇన్‌వర్డు నంబరు వంటిదే.

దానిలో లోపం లేకపోలేదు. పద్ధతి తెలిసి తెల్లవారగానే వచ్చినవారికి మంచి చీటీలు దొరికేవి, కొత్తవారు తెల్లమొహం వేసేవారు. పైగా చీటీ జేబులో పెట్టుకున్నవాడు ఊరకే కూర్చోడు, పోయి ఇంకొక రైడు క్యూలో నిలబడతాడు. అంటే ఒకే మనిషి ఒకేసారి రెండు వరుసలలో ఉన్నట్లు. అందువల్ల తక్కిన వరుసలు పొడుగవుతాయి. అయినా ఆ లాభం అందుకునే హక్కు అందరికీ సమానంగానే ఉండేది.

2014 నాటికి ఫ్లోరిడాలో కాగితం చీటీలు పోయి, ముందుగా కంప్యూటరులో వేళ ఎంచుకునే పద్ధతి వచ్చింది. డిస్నీవారి హోటళ్ళలో దిగినవారు 60 రోజుల ముందే ఎంచుకోవచ్చు. బయట దిగినవారికి 30 రోజుల ముందు మాత్రమే. డబ్బు నేరుగా అడగకపోయినా పక్క గుమ్మంలోంచి లోపలికి వచ్చిందన్నమాట.

చీటీకి ధర

ధర పెట్టే పద్ధతి డిస్నీవారే కనిపెట్టినది కాదు. సిక్స్ ఫ్లాగ్స్ పార్కులలో 2001 నుంచి ఒక చిన్న పరికరం అద్దెకిచ్చేవారు. దానితో క్యూలో నిలబడకుండానే వంతు నమోదు చేసుకోవచ్చు. మామూలు అద్దెకు, నిలబడితే ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగి రావాలి. ఇంకా ఎక్కువ ఇస్తే ఆ వేళ సగానికి తగ్గుతుంది. అన్నిటికంటే ఎక్కువ ఇస్తే పదవ వంతుకు వస్తుంది. యూనివర్సల్ పార్కులు కూడా ఎక్స్‌ప్రెస్ పాస్ అమ్ముతాయి. మన హైదరాబాదు దగ్గర 2016లో తెరిచిన వండర్లాలో కూడా ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు ఉన్నది.

కోవిడ్ కారణంగా 2020 మార్చిలో మూసిన డిస్నీ పార్కులు తిరిగి తెరిచినప్పుడు అమెరికాలో ఉచిత ఫాస్ట్‌పాస్ తిరిగి రాలేదు. 2021 అక్టోబరులో ఫ్లోరిడాలో జీనీ ప్లస్ అనే పేరుతో రోజుకు మనిషికి 15 డాలర్ల పద్ధతి మొదలైంది. ఏడాది తిరిగేసరికి రద్దీని బట్టి ధర మారడం మొదలైంది. 2024లో పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీపాస్ అన్నారు. అదే ఏడాది చివర, వేళతో పనిలేకుండా ఎప్పుడు వస్తే అప్పుడు ఎక్కే ప్రీమియర్ పాస్ వచ్చింది. పార్కును, రోజును బట్టి దానికి మనిషికి 400 డాలర్లు దాటిన ధర కూడా పెట్టారు.

గుమాస్తా లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. గంటకు 1,200 మందిని ఎక్కించగల రైడు ఉన్నదనుకోండి. మీ ముందు 600 మంది ఉన్నారు. వేరే ద్వారం లేకపోతే మీ వంతు అరగంటలో వస్తుంది. ఆ 1,200లో 800 చోట్లు డబ్బు కట్టిన వరుసకు పోతే మీకు మిగిలేవి 400. అప్పుడు మీ వంతు రావడానికి గంటన్నర పడుతుంది. మీ ముందున్న మనుషులు పెరగలేదు, కాలం మాత్రం మూడింతలైంది.

వాళ్ళు కూడా మీ వరుసలోనే నిలబడితే వరుస పొడుగయ్యేది కదా అనవచ్చు. నిజమే. కాని అప్పుడు భారం అందరిమీదా సమంగా పడేది. ఇప్పుడు కొందరిది కొందరిమీదకు జరిగింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యులైన రిచర్డ్ లార్సన్ 1987లో క్యూలలో సామాజిక న్యాయాన్ని గురించి ఒక వ్యాసం ప్రచురించారు. ఎంతసేపు నిలబడ్డామన్నది ఒక్కటే మనిషి తృప్తిని నిర్ణయించదని, తన తరువాత వచ్చినవాడు తనను దాటిపోవడం కూడా గట్టిగా బాధిస్తుందని అందులో చర్చించారు. మనవాళ్ళు ఈ సంగతిని ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఏనాడో చెప్పారు.

నిలబడలేనివారి మాట

దాటిపోవడం అన్నివేళలా అన్యాయం కాదు. నిలబడలేనివారు ఉంటారు. మన వయసువారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. డిస్నీ పార్కులలో వికలాంగులకు పూర్వం ఒక సహాయక కార్డు ఇచ్చేవారు, దానితో చాలాచోట్ల త్వరగా ఎక్కవచ్చు. కొందరు సంపన్నులు వికలాంగులను అద్దెకు పెట్టుకుని, వారి వెంట తామూ దాటిపోతున్నారని 2013లో పత్రికలలో వచ్చింది. ఆ అక్టోబరులో ఆ కార్డును తీసివేసి కొత్త పద్ధతి పెట్టారు. నిలబడలేనివారికి అప్పటి క్యూ ఎంత ఉన్నదో దానిని బట్టి తిరిగి రావలసిన వేళ ఇస్తారు. అందరితోపాటు వారూ ఆగుతారు, కాని ఎండలో నిలబడి కాదు, వీలైనచోట కూర్చుని. ఈ ఆలోచనను మించిన న్యాయమైనది ఈ చరిత్రలో నాకు కనబడలేదు. 2024లో దీనిని ముఖ్యంగా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలు గలవారికని కుదించారు. దానిమీద అభ్యంతరాలు కోర్టు దాకా వెళ్ళాయి.

ఏమి చేయవచ్చు?

డబ్బు తీసుకోవడమే తప్పని నేననను. వ్యాపారానికి రాబడి కావాలి, అత్యవసరమున్నవాడికి దారీ కావాలి. మన రైల్వేవారు 1997లో తత్కాల్ పెట్టారు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమున్నది, ఉచిత సర్వదర్శనానికి వేళ వేసి టోకెన్లు ఇచ్చే ఏర్పాటూ చేశారు. డబ్బు వరుసను పెట్టినవారు ఉచిత వరుసను ఎలా చూస్తారన్నదే ప్రశ్న. నాకు తోచిన సూచనలు నాలుగు.

మొదటిది, డబ్బు వరుసకు ఎన్ని చోట్లు ఇస్తారో ఒక హద్దు పెట్టి, ఆ సంఖ్యను రెండు ద్వారాల దగ్గరా బోర్డు మీద రాయాలి. తత్కాల్‌లో ఎన్ని సీట్లో తెలుస్తుంది, ఇక్కడ ఎందుకు తెలియకూడదు?

రెండవది, ప్రతి ప్రవేశ టిక్కెట్టుతోనూ ఒకటో రెండో ఉచిత చీటీలు ఇచ్చి, ఆపైన కావలసినవారికే అమ్మాలి. ఇది కాని పని కాదు. జపానులోని టోక్యో డిస్నీవారు 2022లో డబ్బు పాసు పెట్టినా, 2023లో కొన్ని రైడ్లకు ఉచిత పాసు కూడా ప్రారంభించారు.

మూడవది, నిలబడలేనివారికి ఇచ్చే వేళ వారి అవసరాన్ని బట్టి ఉండాలి, పర్సును బట్టి కాదు.

నాలుగవది, అంతా సెల్‌ఫోనులోనే ఉంచరాదు. వేలు చురుకైనవారికే వేళ దొరికితే పెద్దవారి గతి ఏమిటి? ఒక మూల ఆ పాత కాగితం యంత్రం ఉంచితే నష్టం లేదు. క్యూ పొడవునా నీడ, అక్కడక్కడ కూర్చోవడానికి బల్ల కూడా ఉండాలి.

ఇక చెబుతానన్న సంగతి. 1984 ప్రాంతంలో నేను ఒక ఆఫీసులో పెన్షన్ కాగితాలు చూసేవాణ్ణి. రిటైరైన అటెండరు ఒకాయన కాగితం నా బల్ల మీద వరుసలో ఉంది. ఈలోగా పై అధికారి చుట్టం ఒకరి కాగితం వచ్చింది. కొంచెం చూడమని కబురు. నేను చూశాను. అటెండరు కాగితం కిందికి పోయింది, ఆ నెల బిల్లుల గడువు దాటింది. ఆయన వరండాలో నిలబడి, "బాబూ, నా నంబరు ముందుది కదండీ?" అని అడిగారు. కోపంగా కాదు, తనకే ఏదో తెలియలేదేమో అన్నట్లు అడిగారు. రేపు రమ్మన్నాను. ఆ ఇంట్లో ఒక నెల ఎలా గడిచిందో నేను విచారించలేదు.

ఆ తరువాత మనసొప్పక, చేతిలో ఉన్న కాగితాల నంబర్లన్నీ ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసి సెక్షను గోడకు అంటించడం మొదలుపెట్టాను. ఏదైనా ముందుకు జరపవలసి వస్తే కారణం పక్కనే రాసేవాణ్ణి. జబ్బు చేసినవారిదైతే ఎవరూ ఏమీ అనేవారు కాదు. రాయడానికి సిగ్గుపడే కారణాలైతే క్రమంగా నా దగ్గరకు రావడం మానేశాయి. ఆ సెక్షనులో ఉన్నన్నాళ్ళూ ఆ కాగితం అక్కడే ఉన్నది.

అటెండరుగారు ఇప్పుడు లేరు. ఆయనకు జవాబు చెప్పే అవకాశం నాకు రాలేదు. మనవడికి మాత్రం ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను, "అవును నాన్నా, వాళ్ళు మన తరవాతే వచ్చారు. నువ్వడిగింది సరిగ్గానే ఉంది" అని.

సభ్యులు తమ అనుభవాలను కూడా సంఘానికి రాసి పంపగలరని ఆశిస్తూ సెలవు.

— ఒక విశ్రాంత గుమాస్తా