సామాజిక సేవ శిక్షలో పని నేర్చుకునే గంటలు

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 4వ సెక్షన్‌లోని శిక్షల జాబితాకు సామాజిక సేవను చేర్చింది. ఆరు నేరాలకు ఈ శిక్ష వేయవచ్చు. పరువు నష్టం, తాగి బహిరంగ స్థలంలో అల్లరి చేయడం వంటి వాటిలో ఇది జైలుకో జరిమానాకో ప్రత్యామ్నాయం. దొంగతనానికి సంబంధించిన 303(2) సెక్షన్‌లో సంగతి వేరు. రూ.5,000 లోపు సొత్తు దొంగిలించి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేసిన మనిషికి సామాజిక సేవ తప్ప మరో శిక్ష లేదు. ఆరింటిలో పూట గడవని బతుకుతో ముడిపడే అవకాశం ఎక్కువగా ఉన్న నేరం ఇదే. అందుకే ఈ వ్యాసం ప్రధానంగా ఆ మనిషి గురించే.

సామాజిక సేవ అంటే సమాజానికి మేలు చేసే, ప్రతిఫలం లేని పని అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 23వ సెక్షన్ వివరణ ఇస్తుంది. ఎన్ని గంటలో, ఏ పనో, ఎవరి అజమాయిషీలోనో అందులో లేదు. ఈ సంహితలు రాకముందే తాగి బండి నడిపినవారితో విశాఖ బీచ్‌లో కోర్టు చెత్త ఏరించిన సందర్భం ఉంది. తప్పు చేసినవాడికి సిగ్గు తెలియాలన్న ఆలోచన అలాంటి ఉత్తర్వుల వెనుక ఉంటుంది. ఉద్యోగి ఒక పూట సిగ్గుపడి సోమవారం ఆఫీసుకు వెళ్లిపోతాడు. అడ్డా కూలీ మాత్రం ఆ రోజు కూలి పోగొట్టుకుని, మర్నాడు మళ్లీ అదే అడ్డా మీద నిలబడతాడు.

ఈ శిక్షకు బ్రిటన్‌లో అర శతాబ్దపు అనుభవం ఉంది. బార్బరా వూటన్ నాయకత్వంలోని ఉపసంఘం 1970లో దీన్ని సిఫారసు చేసింది. 1972 చట్టం దానికి రూపమిచ్చింది. 1973లో ఆరు ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. అప్పటి పరిమితి 40 నుంచి 240 గంటలు. స్కాట్లాండ్‌లో ఈ శిక్ష పొందినవారిని అధ్యయనం చేసిన గిల్ మెక్‌ఐవర్ 1992లో ప్రచురించిన ఫలితాలు మనకు ముఖ్యం. తాము చేసిన పని విలువైనదని భావించినవారు ఉత్తర్వును మెరుగ్గా పాటించారు, మళ్లీ నేరానికి దిగడమూ వారిలో తక్కువే. పనివల్ల మేలు పొందేవారిని కళ్లారా చూడడం, కొత్త పని నేర్చుకోవడం ఆ భావనకు దోహదం చేశాయి. 2011 నుంచి స్కాట్లాండ్‌లో అమలవుతున్న ఉత్తర్వులో ‘వేతనం లేని పని లేదా ఇతర కార్యకలాపం’ అన్న షరతు ఉంది. ఆ రెండో భాగంలో శిక్షణ ఇవ్వవచ్చు. అది మొత్తం గంటల్లో 30 శాతాన్ని గానీ 30 గంటలను గానీ, ఏది తక్కువైతే దాన్ని, మించకూడదు. నా వాదనకు కీలకం ఇక్కడే ఉంది: నేర్చుకునే గంటలు శిక్ష గంటల్లోనే జమ అవుతాయి. వాటికోసం మరో రోజు కూలి వదులుకోనక్కర్లేదు.

ప్రభుత్వ బడికి రంగులు వేసే పని తీసుకుందాం. బ్రష్ చేతికిచ్చి సాయంత్రానికి గోడ పూర్తి చేయమంటే ఆ మనిషికి మిగిలేది నడుం నొప్పే. మేస్త్రీ పక్కన నిలబెడితే పెచ్చులు గీకడం, చెమ్మ ఎక్కడినుంచి దిగుతోందో చూసుకోవడం, పుట్టీ పట్టించి ఆరాక ఎమరీ కాగితంతో రుద్దడం, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు, ఈ వరస చేతికి పడుతుంది. ముప్పై గంటల్లో పెయింటర్ తయారుకాడు, నిజమే. కానీ హెల్పర్‌గా పనిలోకి పిలిచే మేస్త్రీ ఒకడు పరిచయమవుతాడు. ఆ పరిచయం విలువ అడ్డా మీద నిలబడ్డవారికి బాగా తెలుసు.

నేరం చేయని నిరుద్యోగికి లేని శిక్షణ వీళ్లకెందుకన్న ప్రశ్న వస్తుంది. జైలుకు వెళ్లినవారికి మనం వడ్రంగం, నేత నేర్పుతూనే ఉన్నాం. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైన ఖైదీలకూ పని ఇస్తోంది. పెద్ద నేరానికి దొరికే ఆసరా చిన్న నేరానికి దొరకకపోవడం అన్యాయం.

ఇలాంటి ఆసరాకు పాత చట్టంలో దారి ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 14(బి) ప్రకారం, తన పర్యవేక్షణలో ఉన్నవారికి అవసరమైతే తగిన ఉపాధి వెతికిపెట్టడానికి ప్రయత్నించడం ప్రొబేషన్ అధికారి విధి. ‘ప్రొబేషనర్లు, పర్యవేక్షణలో ఉంచిన ఇతరులు’ అన్నంత విశాలంగా ఆ క్లాజు ఉంది కాబట్టి, మేజిస్ట్రేటు సామాజిక సేవ శిక్ష పడిన మనిషిని ఆయనకు అప్పగిస్తే సరిపోతుందని నా అభిప్రాయం. అయితే అదే చట్టం 12వ సెక్షన్, ప్రొబేషన్ పొందినవారికి శిక్షవల్ల కలిగే అనర్హత అంటదంటుంది. ఆ రక్షణ 3, 4 సెక్షన్ల కింద విడుదలైనవారికే. సామాజిక సేవ చేసినవారికి వర్తించదు. ఈ లోటును శాసనంతోనే పూడ్చాలి.

ఈలోగా కోర్టు ఉత్తర్వులోనే పని పేరు, నేర్పే మేస్త్రీ లేదా సంస్థ, అందులో శిక్షణ గంటలు ఎన్నో రాయవచ్చు. చదువు రానివారికీ బడి మానేసినవారికీ పని నేర్పే జన శిక్షణ్ సంస్థాన్లు, భవన నిర్మాణ పనుల్లో హైదరాబాద్‌లోని న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఇందుకు పనికొస్తాయి. చివరికి ఇచ్చే సర్టిఫికెట్ మీద పని పేరు, సంస్థ ముద్ర మాత్రమే ఉండాలి. కేసు నంబరు, కోర్టు పేరు కనిపిస్తే ఆ కాగితాన్ని అతను ఏ కాంట్రాక్టరుకూ చూపించలేడు.