జెముడు – యుఫోర్బియా: ఒక నామకరణ చరిత్ర

సంగ్రహం: నీటి ఎద్దడిని తట్టుకొనే పాలజెముళ్ల శాస్త్రీయ నామం వెనుక ఒక రాజు, ఒక వైద్యుడు, పేరు దక్కని అనేకమంది సేకర్తలు ఉన్నారు. మొరాకోకు చెందిన యుఫోర్బియా రెసినిఫెరాను కేంద్రంగా తీసుకొని ఆ నామచరిత్రను, సాగు పద్ధతిని, తెలుగు ‘జెముడు’ పదవ్యాప్తిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. రాజు పెట్టిన పేరు

రెండవ జుబా న్యుమీడియా రాజకుమారుడు. తండ్రి ఓటమి తరువాత, క్రీ.పూ. 46లో జూలియస్ సీజర్ విజయోత్సవంలో పసివాడుగా రోము వీధుల్లో ఊరేగింపబడ్డాడు. అక్కడే పెరిగి విద్వాంసుడయ్యాడు. క్రీ.పూ. 25లో అగస్టస్ అతనిని మౌరెటానియాకు, అంటే నేటి మొరాకో, అల్జీరియా ప్రాంతాలకు రాజును చేశాడు. అట్లాస్ పర్వతాల్లో లభించిన ఒక పాలమొక్కకు జుబా తన ఆస్థాన వైద్యుడైన యుఫోర్బస్ పేరు పెట్టి, దానిపై ఒక గ్రంథం రచించినట్లు ప్లినీ నమోదు చేశాడు. ఆ గ్రంథం నేడు లభ్యం కాదు.

పాలు సేకరించే విధానాన్ని ప్లినీ, డియోస్కోరిడిస్ ఇద్దరూ వర్ణించారు. ఘాటుకు భయపడి సేకర్తలు దూరం నుండి పొడవైన కర్రతోనో ఈటెతోనో కాండాన్ని గాయపరచి, జంతువుల జీర్ణాశయపు సంచుల్లో పాలు పట్టేవారు. దూరంగా నిలబడాలన్న ఈ జాగ్రత్త ఆ మొక్క మధ్య బ్రతికినవారి అనుభవం నుండి వచ్చినదే కావాలి. రాజు పేరు, వైద్యుని పేరు నిలిచాయి. సేకర్తల పనితీరు మాత్రమే నమోదైంది.

2. లిన్నేయస్, మలబారు

1753లో లిన్నేయస్ ‘యుఫోర్బియా’ను ప్రజాతి నామంగా స్థిరపరచాడు. భారతదేశపు ముక్కోణపు జెముడుకు ‘యాంటికోరం’, అనగా ‘ప్రాచీనులది’ అనే పేరు వచ్చింది. పూర్వుల ఔషధాన్నిచ్చిన మొక్క ఇదేనన్న అప్పటి భావన ఆ పేరులో మిగిలిపోయింది. నిజమైన మొరాకో మొక్కను ‘రెసినిఫెరా’గా బెర్గ్ 1863లో వర్ణించాడు. అప్పటికే పేరు మన మొక్కపై స్థిరపడింది.

లిన్నేయస్ ఆధారాల్లో ఒకటి ‘హోర్టస్ మలబారికస్’. డచ్చి అధికారి వాన్ రీడ్ ఆధ్వర్యంలో 1678–1693 మధ్య ఆంస్టర్‌డామ్‌లో పన్నెండు సంపుటాలుగా వెలువడిన ఈ గ్రంథానికి ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడు జ్ఞానదాత. అతని వాఙ్మూలం గ్రంథంలోనే ముద్రితమైంది. కాడజెముడు శాస్త్రీయ నామంలోని ‘తిరుకల్లి’ మలయాళ పదమే. ఆ మొక్క జన్మస్థానం ఆఫ్రికా కావడం గమనార్హం. మొక్క ఒక ఖండానిది, పేరు మరొక ఖండానిది.

3. సాగు

రెసినిఫెరా కాండాలు నాలుగు పలకలుగా, ఆకులు లేకుండా గుబురుగా పెరుగుతాయి. నీటిని కాండంలోనే నిల్వ చేసుకుంటాయి. ఎండవేళ మూసుకొనే రంధ్రాలు రాత్రి తెరుచుకొని గాలిని గ్రహించడం వల్ల నీటి నష్టం తగ్గుతుంది.

కొమ్మను కత్తిరించి, కారే పాలను నీటితో కడిగి, గాయం మానేవరకు ఒకటి రెండు వారాలు నీడలో ఆరనివ్వాలి. ఆపై ముతక ఇసుక, చిన్న రాళ్లు అధికంగా కలిపిన మట్టిలో నాటాలి. వేళ్లు పట్టేవరకు నీరు పొదుపుగా పోయాలి. తరువాత మట్టి పూర్తిగా ఎండాకనే తడపాలి. ఎండ పుష్కలంగా ఉండాలి. మన ప్రాంతంలో దీనికి కరువు కంటే వానాకాలపు నీటి నిల్వే ప్రమాదం. కనుక ఎత్తైన మడి, అడుగున రంధ్రమున్న కుండీ అవసరం. పాలు కంటిలో పడితే తీవ్రమైన హాని కలుగుతుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఆ పాలలోని రెసినిఫెరాటాక్సిన్ మిరపలోని క్యాప్సైసిన్ పనిచేసే నాడీగ్రాహకం మీదనే, అంతకు ఎన్నో రెట్లు తీవ్రంగా పనిచేస్తుంది. తీవ్రమైన నొప్పుల నివారణకు దీనిపై పరిశోధనలు సాగుతున్నాయి.

4. తెలుగులో జెముడు

బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు యుఫోర్బియాలు. నాగజెముడు అలా కాదు. అది అమెరికా ఖండాల నుండి వచ్చిన ఓపున్షియా. 1492కు ముందు ఆ మొక్క మన నేలపై లేదు. కనుక ముళ్ల పోలికతో పాత పదం కొత్త మొక్కకు విస్తరించిందని భావించవచ్చు. ఇది అర్థవ్యాకోచానికి చక్కని ఉదాహరణ. కానీ గాయపడితే తెల్లని పాలు కారేది యుఫోర్బియా మాత్రమే. చరకసంహిత కల్పస్థానంలోని సుధాకల్పం స్నుహీక్షీరాన్ని అతి తీక్ష్ణమైన విరేచనద్రవ్యంగా పేర్కొని జాగ్రత్త చెప్పడానికి ఆ పాలే కారణం.

5. ముగింపు

అనువాదాల్లో, పాఠ్యపుస్తకాల్లో ‘జెముడు’ను కాక్టస్‌కు సమానార్థకంగా వాడడం వల్ల పాలున్న మొక్కకూ లేని మొక్కకూ తేడా చెరిగిపోతోంది. ఈ తేడా తెలియని పిల్లవాడు బొమ్మజెముడు కొమ్మ విరిస్తే నష్టపోయేది అతని కళ్లు. కనుక నిఘంటుకర్తలు ప్రతి జెముడు ఆరోపం వద్ద పాలు ఉన్నదీ లేనిదీ, వాడుకలో ఉన్న ప్రాంతమూ తెలపడం అవసరం. గొల్లలు, నాటువైద్యులు, కంచె వేసే రైతులు వాడే పేర్లను వారి వివరణలతో సహా సేకరిస్తే, అట్లాస్ సేకర్తల విషయంలో చరిత్ర చేసిన లోపం మన భాషలో పునరావృతం కాకుండా ఉంటుంది.