నాడె ఒకటా, చేతులు అయిదా?

వేలూరు సీఎంసీ లాంటి పెద్దాసుపత్రుల్లో, మిగతా మందులకు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాకు చివరికి వాడే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. పది అమైనో ఆమ్లాల ఈ పెప్టైడ్‌ను బాక్టీరియా తయారుచేస్తుంది. అందులో ఆరు, కణంలో ప్రొటీన్లు కట్టే రైబోజోమ్ వాడే ఇరవైలో లేని డయామినోబ్యుటిరిక్ ఆమ్లమే. రైబోజోమ్ ఊసే లేకుండా భారీ ఎంజైములు ఈ గొలుసు కడతాయి. ఈ సంగతి 1990లలో జన్యువులు చదివాకే తెలిసిందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం.

కొలిస్టిన్ లాంటి పెప్టైడ్ మందులనే 1939లో ద్యుబో (టైరోథ్రిసిన్), 1942లో మాస్కోలో గాజ్, బ్రజ్నికొవా (గ్రామిసిడిన్-ఎస్) బాక్టీరియా నుంచి తీశారు. అసలు మలుపు 1963. ప్రొటీన్ తయారీని ఆపే మందులు వేసినా టైరోథ్రిసిన్లోని టైరోసిడిన్ తయారీ ఆగలేదని మాక్, రైక్, టాటమ్ చూపారు. ఆ తర్వాతి ఘనతంతా న్యూయార్క్‌లోని లిప్మన్‌కే కట్టబెడతారు. కానీ ఒసాకాలో కురహాషి, ఓస్లోలో లాలాండ్ బృందాలూ అదే గ్రామిసిడిన్-ఎస్ మీద పనిచేశాయి. పెరుగుతున్న గొలుసు గంధకపు బంధంతో ఎంజైముకు అంటిపెట్టుకునే ఉంటుందని ఈ కృషివల్లే తేలింది. ఆ గొలుసును మోసే చేయి ఫాస్ఫోపాంటెథీన్. అందులో భాగమైన పాంటోథెనిక్ ఆమ్లం మీద మన ఎల్లాప్రగడ సుబ్బారావు, హిచింగ్స్‌తో కలిసి 1939లో పత్రం రాశారు. ఈ కథలో ఆయన వాటా అంతే, పెంచి చెప్పనక్కర్లేదు.

పొరపాటు కూడా అక్కడే దొర్లింది. ఎంజైములో దొరికిన పాంటెథీన్ లెక్క ఒకటికి దగ్గరగా తేలడంతో, మధ్యలో ఒకే చేయి అన్ని అమైనో ఆమ్లాల దగ్గరికీ తిరుగుతుందనుకున్నారు. వేలూరు జిల్లా గుడియాత్తం లుంగీ మగ్గంలో నాడె తిరిగినట్టు! దాన్ని అజాగ్రత్త అనలేం, కొలతకు తగ్గ ఊహే. 1996లో స్టైన్ బృందం ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో చేయి ఉందని తేల్చింది. గ్రామిసిడిన్-ఎస్ ఎంజైముల్లో అలాంటివి అయిదు. అంటే మగ్గం కంటే ఆ ఊరి అగ్గిపెట్టెల పనే దీనికి దగ్గర: ఒకరు పుల్లలు పేరిస్తే ఒకరు మందులో ముంచుతారు, మరొకరు పెట్టెల్లో నింపుతారు.

దీన్ని "అసెంబ్లీ లైన్" అనడం నాకు పూర్తిగా నచ్చదు. కారు భాగాల్లా విప్పి మార్చుకోవచ్చన్న ఆశ ఆ మాటలోనే ఉంది. 1995లో మారహీల్ బృందం ఎంజైము భాగాలు మార్చి చూపింది, నిజమే. కానీ పక్కవాడి చేతికి సరుకు సరిగ్గా అందకపోతే పని నిలిచిపోతుంది, దిగుబడి తరచూ పడిపోతుంది. జన్యువులు చదివినంత తేలిగ్గా కొత్త మందులు రావడం లేదు.

ఈలోగా కొలిస్టిన్‌కూ లొంగని క్లెబ్సియెల్లాను సీఎంసీ పరిశోధకులే నమోదు చేశారు. ఆ మందును కోళ్లకు, చేపలకు, పశువుల మేతలో వాడకూడదని కేంద్రం నిషేధించింది 2019 జూలైలో మాత్రమే.