ఆచార్య రంగా: ఆరు దశాబ్దాల చట్టసభ జీవితం

గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టిన గోగినేని రంగనాయకులు ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రం బోధించారు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత రాజ్యాంగ సభలోనూ, రాజ్యసభలోనూ, లోక్‌సభలోనూ పనిచేశారు. నడుమ కొన్ని ఓటములున్నా 1991 దాకా చట్టసభల బాట వీడలేదు.

కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, మళ్లీ కాంగ్రెసు, స్వతంత్ర, చివరకు తిరిగి కాంగ్రెసు. ఈ వరుస ఒక్కటే చూస్తే నిలకడ లేని మనిషి అనిపిస్తారు. సభలో ఆయన ఏం మాట్లాడారో చూస్తే మాత్రం ఒకే దారం కనిపిస్తుంది: రైతు, అతని పొలం.

1959లో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యాన్ని తీర్మానించింది. భూమి రైతు చేయి దాటిపోతుందని రంగా ఎదిరించారు. అధికారపక్షాన్ని వదిలి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. 1962లో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి చేతిలో ఓడి, చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి మళ్లీ సభకు వెళ్లారు. రైత్వారీ భూములను కూడా ‘ఎస్టేట్’ నిర్వచనంలోకి తెచ్చిన 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణను వ్యతిరేకించారు. సవరణ ఆగలేదు, ఆయన వాదం మాత్రం రికార్డులో మిగిలింది.

భూమి ఉన్నవాడి గొంతు సరే, కూలీ మాటేమిటని కమ్యూనిస్టులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా ఆ ప్రసంగాల్లోనే వెదకాలి.

ఓటు వేయబోయే మన పాఠశాల పిల్లలు ఏ ప్రతినిధినైనా జెండా రంగుతో కాక, ఎవరి కోసం ఏం మాట్లాడారన్న లెక్కతో తూచడం నేర్చుకుంటే మేలు.