అంకెతో పిలుపు, పేరుతో పిలుపు

డేటాబేసును అడిగి తెచ్చుకున్న ఒక వరుసలోని విలువను ప్రోగ్రాము ఏమని పిలవాలి? మూడవ గడిలోనిది అనా, ఊరు అనే శీర్షిక కిందిది అనా? చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది గాని, దీని వెనుక అర్ధశతాబ్దికి మించిన చరిత్ర ఉంది.

1970లో ఐబీఎమ్ శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన వ్యాసంలోనే ఈ సంగతి ప్రస్తావించాడు. గడుల క్రమాన్ని గుర్తుంచుకునే భారం వాడేవారి మీద ఉండరాదన్నది అతని వాదం. మరొక పాయ ప్రోగ్రామింగు భాషలది. పేరు చెబితే విలువను అందించే అసోసియేటివ్ అర్రే, 1977లో బెల్ లాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ రూపొందించిన ఆక్ భాషలో అతి సహజంగా ఒదిగింది. దానికి ఆధారమైన హాషింగ్ ఉపాయం ఇంకా పాతది. ఐబీఎమ్‌కే చెందిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే దానిని ఒక అంతర్గత పత్రంలో వివరించాడు.

ఈ రెండు పాయలూ కలిసిన రేవులలో పీహెచ్‌పీ ఒకటి. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన చిన్న పనిముట్లు, 1998లో ఆండీ గుట్మన్స్, జీవ్ సురాస్కీల చేయి పడి మూడవ కూర్పుగా పునర్జన్మ ఎత్తాయి. ఈ భాషలో అర్రేలన్నిటిదీ ఒకటే జాతి. కీ అంకె కావచ్చు, పదమూ కావచ్చు. పైగా చేర్చిన క్రమం చెదరదు. డేటాబేసు ఇచ్చే వరుసకు ఇంతకన్న తగిన పాత్ర ఏముంటుంది? ఫెచ్ రో అంటే అంకెలతో, ఫెచ్ అసోక్ అంటే పేర్లతో, ఫెచ్ అర్రే అంటే రెండింటితోనూ వరుస చేతికొచ్చేది.

అయితే పేరుతో ఒక చిక్కుంది. ఒకప్పుడు నా పుస్తకాల జాబితా కోసం కవుల పట్టికను, కావ్యాల పట్టికను జోడించి ప్రశ్న వేశాను. రెండింటిలోనూ "పేరు" అనే శీర్షికే. తెర నిండా కావ్యాలు వచ్చాయి, కవులు ఒక్కరూ లేరు! తప్పు జరిగిందన్న హెచ్చరికైనా లేదు. ఒక అర్రేలో ఒకే కీ రెండు మార్లు నిలవదు. వెనుక వచ్చిన విలువ ముందుదానిని చెరిపివేస్తుంది. అదే అంకెలతో పిలిచి ఉంటే ఇద్దరూ దక్కేవారు. ప్రశ్నలోనే "యాజ్" అని కవి పేరుకొక మారుపేరు పెట్టేసరికి పెద్దలంతా తిరిగి వచ్చారు. ఆ రెండక్షరాల మాట తట్టడానికి నాకొక సాయంత్రం పట్టింది.

ఆ పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో వచ్చిన ఏడవ కూర్పు తొలగించింది. వాటి స్థానంలో మైఎస్‌క్యూఎల్‌ఐ, పీడీఓలు నిలిచాయి. ప్రత్యేకించి చెప్పకపోతే పీడీఓ ఇప్పటికీ ప్రతి విలువనూ రెండు మార్లు ఇస్తుంది, అంకెతో ఒకసారి, పేరుతో ఒకసారి.