చిత్రిత యవనిక - రంగవిభజన: ధర్మవరం నాటకాలు

ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) కృషిలో సాహిత్య చరిత్రలు విషాదాంత రచనను, పాటల విస్తృతిని, అంకాలను రంగాలుగా విభజించడాన్ని ప్రధానంగా పేర్కొంటాయి. వీటిలో చివరిదాన్ని పాశ్చాత్య ప్రభావంగా చెప్పి విడిచిపెట్టడం పరిపాటి. కాని రంగవిభజన గ్రంథరచనా పద్ధతి మాత్రమే కాదు. అది చిత్రించిన తెరలతో ముడిపడిన ప్రదర్శనావసరం కూడా.

ఆచార్యుల జన్మస్థలమైన అనంతపురం సీమలో, ధర్మవరం సమీపాన ఉన్న నిమ్మలకుంట నేటికీ తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. ఆ ఆటలో తెర తెల్లని వస్త్రం. కథ అయోధ్య నుంచి అరణ్యానికి సాగినా తెర మారదు. పాట, వచనం చోటును సూచిస్తాయి. వీధినాటకంలో ఇద్దరు పట్టుకొనే తెర పాత్రప్రవేశానికే గాని స్థలచిత్రణకు కాదు. సంస్కృత నాటకంలోనూ నటుడు పరిక్రమిస్తే చోటు మారినట్టే.

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగునాట పర్యటించిన తరువాత చిత్రిత యవనికలకు ఆదరణ పెరిగింది. ఆ దశకాలలోనే ఆచార్యులు బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పారు. ఆనాటి నాటక సమాజాలకు వీధి, రాజసభ, ఉద్యానం, అరణ్యం వంటి కొద్దిపాటి తెరలే అనేక నాటకాలకు సరిపోయేవి. తెరను చుట్టి ఎత్తగానే చోటు మారుతుంది. అయితే సింహాసనాదులు అమర్చవలసిన సభకు వ్యవధి కావాలి. ముందుభాగాన వీధి తెర దించి, ఇద్దరు ముగ్గురు పాత్రలతో చిన్న రంగం నడిపితే ఆ వెనుక సభ సిద్ధమవుతుంది. చదువరికి అనావశ్యకమనిపించే చిన్న రంగానికి ఇటువంటి ప్రయోజనం ఉండవచ్చు.

ఈ మార్పు పద్యం పనిని కూడా మార్చగలదు. ‘చిత్రనళీయం’ ఇతివృత్తమైన నలకథలో స్థలాలు అనేకం. నిద్రిస్తున్న దమయంతిని నలుడు విడిచిపోయే ఘట్టంలో అడవి కళ్లెదుటే ఉంటే, దాని వర్ణనాభారం పద్యంపై తగ్గుతుంది. పద్యం నలుని అంతర్మథనంపై నిలవగలదు.

ఈ లాభం వెంట ఒక నష్టమూ ఉంది. 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి జిల్లాను కుదిపివేసింది. అనంతపురం జిల్లా 1882లో దాని నుంచే వేరుపడింది. కరువును చూసిన తరమే ఈ ఉద్యానాల తెరల ముందు కూర్చున్నది. తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు రామాయణం మధ్యకే వచ్చి ఊరి మాటలు మాట్లాడగలరు. శూన్యమైన తెరపై ఏ చోటైనా ఇముడుతుంది. ఉద్యానం తెర ఉద్యానాన్నే చూపుతుంది. దాని ముందు ఎండిన చెరువును ఊహించడం ప్రేక్షకునికి కష్టం.

తెర వస్త్రం కాలానికి జీర్ణమవుతుంది. ముద్రిత నాటకంలోని రంగసూచన నిలుస్తుంది. కాబట్టి ధర్మవరం నాటకాల పరిష్కరణలో రంగసూచనలను పద్యాలతో సమానమైన పాఠంగా భావించి పరిశీలించడం అవసరం.