కంప్యూటర్ల నిర్వహణ డేటాబేస్: బయటి సాధనాలకు ప్రవేశం ఎంతవరకు?

వందల, వేల కంప్యూటర్లు గల సంస్థలలో ప్రతి యంత్రపు వివరాలను ఒకచోట నమోదు చేసి, వాటికి సాఫ్ట్‌వేర్‌ను, భద్రతా సవరణలను పంపే వ్యవస్థలలో ప్రసిద్ధమైనది మైక్రోసాఫ్ట్ కాన్ఫిగరేషన్ మేనేజర్. 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్, అనగా ఎస్ఎంఎస్, అనే పేరుతో ఇది వెలువడినది. 2007లో సిస్టమ్ సెంటర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌గా పేరు మారినది. ఇది తన సమాచారాన్ని ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో భద్రపరుస్తుంది. ఎక్సెల్, పవర్ బీఐ వంటి నివేదికా సాధనాలు, సర్వీస్‌నౌ వంటి సేవా నిర్వహణ వ్యవస్థలు ఆ డేటాబేస్‌ను నేరుగా ప్రశ్నించవచ్చునా? చదువుటకు సరే, వ్రాయుటకు మాత్రం కూడదన్నది క్లుప్తమైన సమాధానం.

రెండు ద్వారాలు

నిర్వాహకులు వాడే కన్సోల్ డేటాబేస్‌ను నేరుగా తాకదు. మధ్యలో ఎస్ఎంఎస్ ప్రొవైడర్ అనే అంచె ఉన్నది. పాత పేరు దానికి నేటికీ నిలిచియున్నది. అడిగినవారి హోదా ఏమిటో, వారు ఏయే యంత్రాలను చూడవచ్చునో పరిశీలించి, ఆ మేరకే అది సమాచారమిస్తుంది. బయటి సాధనం ఎస్‌క్యూఎల్ ద్వారా నేరుగా ప్రవేశించినప్పుడు ఈ కాపలాదారు దారిలో ఉండడు. కన్సోల్‌లో ఒక్క శాఖ యంత్రాలనే చూడగల వ్యక్తికి ఆ మార్గాన సంస్థ అంతా కనబడవచ్చును. హోదాను అనుసరించి ఫలితాలను వడపోయుటకు ఎఫ్ఎన్_ఆర్‌బీఏసీ అను పేరుతో ఆరంభమయ్యే ఫంక్షన్లు డేటాబేస్‌లోనే ఉన్నవి. కాని వాటిని వాడుట ప్రశ్న వ్రాసినవారి బాధ్యత.

చదువవలసినది వ్యూలనే

మూల పట్టికలు కొత్త సంచికలతో మారవచ్చును. కనుక నివేదికలకై ఏర్పరచిన వ్యూలనే చదువవలెను. యంత్రాల పేర్లు, ప్రాథమిక వివరాలు వి_ఆర్_సిస్టమ్ అను వ్యూలో లభిస్తవి. వి_జీఎస్_ తో ఆరంభమయ్యేవి ప్రస్తుత హార్డ్‌వేర్ వివరాలను, వి_హెచ్ఎస్_ తో ఆరంభమయ్యేవి గత వివరాలను చూపుతవి. వీటిని కలిపే తాళపుచెవి రిసోర్స్ ఐడీ అనే సంఖ్య.

సమాచారపు వయస్సునూ గమనించవలెను. హార్డ్‌వేర్ వివరాలను సేకరించే గడువు, మార్చనిచో, 7 రోజులు. నెల రోజులుగా ఆపివేసియున్న యంత్రం కూడా పాత స్థితిలోనే పట్టికలో నిలిచియుంటుంది. అందుచేత చివరి సేకరణ తేదీ లేని నివేదికను నమ్ముట ప్రమాదకరం.

వ్రాత ఎందుకు కూడదు

పాత యంత్రపు వరుసను పట్టికనుండి తొలగించుట సులభముగానే కనబడును. కాని ఒక యంత్రపు సమాచారం అనేక పట్టికలలో అల్లుకొనియుండును. ఒకచోట తెగిన పోగు మరొకచోట చిక్కుముడి యగును, రావలసిన భద్రతా సవరణ రాకపోవచ్చును. డేటాబేస్‌లో నేరుగా మార్పులు చేయుటను మైక్రోసాఫ్ట్ సమర్థించదు. తొలగింపులు, మార్పులు కన్సోల్ ద్వారానో, ప్రొవైడర్ ద్వారానో జరుగవలెను.

అనుమతి ఇచ్చుటకు ముందు

ఏ యంత్రమును ఎవరు వాడుచున్నారో, దేనికి భద్రతా సవరణలు అందలేదో ఈ డేటాబేస్ చెప్పగలదు. దుండగుని చేతికి చిక్కినచో ఇంటి తాళాల జాబితా దొరికినట్లే. కావున ఈ జాగ్రత్తలు అవసరం:

• ప్రతి సాధనానికి వేరు ఖాతా ఉండవలెను. నిర్వాహకుని ఖాతాను అరువివ్వరాదు.
• అవసరమైన వ్యూలకు మాత్రమే, అదియును చదివే హక్కు మాత్రమే ఇవ్వవలెను.
• అనుసంధానం గూఢలిపిలో సాగవలెను.
• భారమైన ప్రశ్నలను పని తక్కువగా ఉన్న వేళలకు మార్చవలెను. పదేపదే అడుగు సాధనాలకు సమాచారపు నకలును వేరుచోట ఉంచుట మేలు.

2018లో వెలువడిన 1810 సంచికతో అడ్మిన్ సర్వీస్ అనే మరొక మార్గం వచ్చినది. ఇది హెచ్‌టీటీపీఎస్ ద్వారా, ప్రొవైడర్‌లో భాగముగా పనిచేయుటచేత హోదాల పరిమితులు చెక్కుచెదరవు. పెద్ద నివేదికలకు వ్యూలు అనుకూలం. ఒక్కొక్క యంత్రపు వివరమును అడిగే సాధనాలకు, మార్పులు చేయవలసిన సాధనాలకు ప్రొవైడర్ గుండా సాగు మార్గమే క్షేమకరం.